చెవి అచ్చు ఇచ్చే ముందు

జంగారెడ్డిగూడెం

చిరంజీవి బుజ్జికి,

నువ్వు పంపిన ఫొటో చూశాను. స్టేజీ మీద చెవిలో పెట్టుకునే ఆ ఇయర్ మానిటర్‌లో ఒక్కో చెవికి ఎనిమిది డ్రైవర్లున్నాయి, తీసుకోమంటావా మామయ్యా అని అడిగావు. పెళ్ళిళ్ళ సీజన్ డబ్బులు చేతికి రాగానే చెవుల గురించి ఆలోచించావు చూడు, అది నాకు చాలా నచ్చింది. డ్రైవర్ల లెక్క, అంటే లోపలి బుల్లి స్పీకర్ల లెక్క, తర్వాత చూద్దాం. ముందు నీ చెవి అచ్చు సంగతి మాట్లాడాలి. పెట్టిన డబ్బు నిలిచినా అక్కడే, పోయినా అక్కడే.

మన స్టేజీలు ఎలా ఉంటాయో నీకు తెలుసు. పక్కన డ్రమ్స్, వెనక ప్యాడ్స్ వాయించే కుర్రాడు, రెండు వైపులా బేస్ బాక్సులు. నీ గొంతు నీకే వినపడదు. కాళ్ళ దగ్గర మానిటర్ పెంచమని ఆపరేటర్‌కి సైగ చేస్తావు. పెంచితే మైకు కూస్తుంది, పెంచకపోతే నువ్వు అరుస్తావు. పై స్థాయి పాటలు వచ్చేసరికి గొంతు బొంగురు. అమెరికాలో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ లెక్క ఒకటుంది: 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. 100 దగ్గరికొస్తే 15 నిమిషాలే. డ్రమ్స్ పక్కన 100 రావడం పెద్ద విషయం కాదు. అంటే మూడు పాటలు అయ్యేసరికే నీ చెవులకి ఆ రోజు కోటా సరి. మా రోజుల్లో ఈ ఇయర్ మానిటర్లు లేవు. సైడ్ బాక్సు పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి మిక్సర్ చూసిన నా కుడి చెవిలో రాత్రిపూట సన్నగా ఈల మోగుతూనే ఉంటుంది. అది నీకు రాకూడదు. ఈ ఉత్తరం అందుకే ఇంత పొడుగు.

చెవి అచ్చుకు సరిపోయేట్టు చేసిన మానిటర్ సరిగ్గా కూర్చుంటే బయటి మోత సుమారు 25 డెసిబెల్స్ తగ్గుతుంది. 100 కాస్తా 75 అయితే, నీ గొంతు చెవిలో 80 దగ్గర పెట్టుకున్నా హాయిగా వినపడుతుంది. ఇదంతా అచ్చు బాగా కుదిరితేనే. 1995లో వాన్ హేలెన్ అనే అమెరికా రాక్ బృందానికి మానిటర్ ఇంజనీరుగా ఉన్న జెర్రీ హార్వే, స్టేజీ మోతలో ఏమీ వినపడక ఇబ్బంది పడుతున్న వాళ్ళ డ్రమ్మర్ కోసం ఇలాంటివి తయారుచేశాడు. అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ అలా మొదలైంది. లోపల వాడే బుల్లి స్పీకర్లు చెవిటి మిషన్లలో వాడే రకమే. అచ్చు తీసే పద్ధతీ అక్కడిదే. కాబట్టి నువ్వు వెళ్ళాల్సింది మ్యూజిక్ షాపుకి కాదు, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు దగ్గరికి. రాజమండ్రిలోనే దొరుకుతారు. రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్ళేనా అని మొహమాటపడకుండా అడుగు.

వెళ్ళే ముందు గుబిలి తీయించుకో. పిన్నీసు, అగ్గిపుల్ల ముట్టుకోకు, డాక్టరు చేతే. ఆడియాలజిస్టు ముందుగా లైటు వేసి చెవి లోపల చూస్తాడు. తర్వాత దారం కట్టిన చిన్న స్పాంజి ముక్కని కర్ణభేరి ఇవతల అడ్డంగా పెట్టి, సిరంజితో మెత్తటి సిలికాన్ నింపుతాడు. చల్లగా, చెవి బిగుసుకున్నట్టు ఉంటుంది, నొప్పి ఉండదు. కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. ఇక్కడే నువ్వు జాగ్రత్తపడాలి. చెవిటి మిషన్‌కి నోరు మూసుకుని ఇచ్చే అచ్చు గాయనికి పనికిరాదు. నోరు తెరిస్తే దవడ కదిలి చెవి కాలువ ఆకారం మారుతుంది, ఆ సందులోంచి బేస్ అంతా జారిపోతుంది. పళ్ళ మధ్య దిమ్మ పెట్టుకుని నోరు తెరిచి అచ్చు ఇవ్వాలి. 'నేను పాడతానండీ, బైట్ బ్లాక్ పెట్టండి, రెండో వంపు దాటేదాకా తీయండి' అని నోరు విప్పి చెప్పు.

చెవి కాలువలో రెండో వంపు దాకా ఎందుకో ఇప్పుడే చూసుకో. రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని 'మ్‌మ్' అను. బుర్రంతా గుంయ్‌మంటుంది కదా? అచ్చు పొట్టిదైతే స్టేజీ మీద నీ గొంతు నీకు అలాగే వినపడుతుంది. అచ్చు లోపలికి, ఎముక ఉన్న చోటుదాకా వెళితే ఆ గుంయ్ బాగా తగ్గుతుంది. ఎనిమిది డ్రైవర్లున్నా పొట్టి అచ్చుని బాగుచేయలేవు. నన్నడిగితే రెండో మూడో డ్రైవర్లు చాలు నీకు. వస్తువు వచ్చాక వదులైతే ఎన్నాళ్ళలోపు ఉచితంగా సరిచేస్తారో అడిగి, అప్పుడు డబ్బు కట్టు.

ఇక వాడకం. మన పెద్ద సింగర్లు కూడా ఒక చెవిది తీసి మెడ మీద వేలాడేసుకుంటారు, జనం చప్పట్లు వినాలని. నువ్వు ఆ పని చెయ్యకు. ఒక్క చెవితో వింటే శబ్దం తక్కువగా అనిపించి సౌండు పెంచేస్తావు, ఖాళీ చెవి బేస్ బాక్సులకు దొరికిపోతుంది. జనం వినపడాలంటే స్టేజీ అంచున ఒక మైకు పెట్టించి అది కొంచెం నీ చెవిలోకి కలపమను. మిక్స్‌లో మధ్యలో నీ గొంతు, ఒక పక్క కీబోర్డు, ఇంకో పక్క గిటారు, తాళానికి సరిపడా రిథమ్, అంతే. స్టీరియో ఇవ్వగలిగితే తప్పకుండా అడుగు, దేనికది విడిగా తెలిసి తక్కువ సౌండుకే సరిపోతుంది. నీ గొంతు మరీ ఎక్కువ పెట్టుకుంటే భయపడి చిన్నగా పాడతావు, తక్కువైతే మళ్ళీ అరుస్తావు. ఆ మధ్య చోటు రిహార్సల్లోనే వెతుక్కో. నడుముకి పెట్టుకునే ప్యాక్‌లో లిమిటర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. ఎవరైనా మైకు జాక్ పీకినప్పుడు వచ్చే దెబ్బ నుంచి నిన్ను కాచేది అదే. జాక్ పెట్టే ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించు.

మన ఎండలకి, చెమటకి అవి తొందరగా పాడవుతాయి. ప్రోగ్రాం అవగానే మెత్తటి గుడ్డతో తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఉన్న డబ్బాలో పెట్టు. పర్సులో పడేయకు. గొట్టాల్లో గుబిలి చేరితే ఒక పక్క సౌండు తగ్గుతుంది. మానిటర్ పాడైందని కంగారు పడకు, వాళ్ళిచ్చిన సన్న బ్రష్షుతో శుభ్రం చెయ్యి.

హనుమజ్జయంతికి గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడి దగ్గర మీ ప్రోగ్రాం ఉందన్నావు. వస్తువు రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, కాబట్టి ఈ వారమే అచ్చు ఇచ్చెయ్. అచ్చు కంపెనీకి పంపకముందు రెండు చెవులవీ అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి నాకు పంపు. పొట్టిగా ఉన్నా, గాలిబుడగ పడినా నేను చూసి చెబుతాను, అక్కడికక్కడే మళ్ళీ తీయించుకోవచ్చు. గుర్వాయిగూడెంలో మానిటర్ మిక్స్ నేనే చూస్తానని మీ ఆర్గనైజర్‌తో చెప్పు.

అక్కని, బావగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య