కడుపునొప్పి చోటు మారినదా? పేగు పైపొర చెప్పు పాఠము

మిర్యాలగూడ రైసు మిల్లులను చూచినవారికి వరిగింజ పొరలను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. పైన ఊక, దాని అడుగున తవుడు, లోపల బియ్యము. మన పేగు గోడయు ఇట్లే పొరలుగా ఏర్పడినది. అన్నిటికంటె వెలుపల నునుపుగా, తడిగా నుండు పొర సీరోసా. దానికిని లోపలి కండరమునకును నడుమ పలుచని సంయోజక కణజాలము కలదు. ఇదియే సబ్‌సీరోసా. రక్తనాళములు, శోషరసనాళములు, నాడులు, కొంత కొవ్వు ఇందు ఉండును. పైపొరను అవయవమునకు అంటిపెట్టి ఉంచునది ఇదియే.

సుశ్రుత సంహిత శారీరస్థానములో ఏడు కళలు చెప్పబడినవి. ధాతువులకును ఆశయములకును నడుమ హద్దులుగా నుండునవి కళలు. వానిలో మేదోధరా కళ ఉదరమందు ఉండును. అదియు నేటి సబ్‌సీరోసాయు ఒక్కటేయని చెప్పరాదు గాని, కొవ్వును ధరించు పొర యను భావము రెండింటను కనబడును.

ఈ పొరతో గృహస్థులకు పనియేమి? అపెండిక్సు వాచినపుడు ఆ సంగతి తెలియును. వాపు లోపలి పొరలలో ఉన్నంతవరకు నొప్పి బొడ్డు చుట్టు అస్పష్టముగా నుండును. అది సబ్‌సీరోసాను దాటి సీరోసాకు ప్రాకి, పొట్టగోడ లోపలి పొరకు సోకగానే నొప్పి కుడివైపు క్రిందికి దిగి, వ్రేలితో చూపగలిగినట్లు ఒకచోట నిలుచును. దగ్గినను, నడచినను పోటు హెచ్చును. పిల్లలలో, వృద్ధులలో, గర్భిణులలో లక్షణములు ఇంత స్పష్టముగా నుండకపోవచ్చును.

సామాన్యమైన అజీర్ణమునకు వాము, సొంఠి చాలును. కాని నొప్పి చోటు మారినను, జ్వరము, వాంతులు తోడైనను, పొట్ట బిగిసినను దానిని వాయువని తలచి ఆముదము పట్టరాదు, పొట్ట మర్దించరాదు, కాపడము పెట్టరాదు. విరేచనౌషధముచే అపెండిక్సు పగులు ప్రమాదము హెచ్చును. పగిలిన వెంటనే నొప్పి కొంతసేపు తగ్గినట్లు తోచుటయు కలదు; అది చూచి మోసపోరాదు.

అట్టి సమయమున ఆహారము మాని, 108కి ఫోను చేసి, శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికి వెంటనే చేరవలెను. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. కోదాడవారు జాతీయ రహదారి మీదుగా నేరుగా అచ్చటికి పోవచ్చును. వంటింటి వైద్యము ఎంత మేలైనదో, దాని హద్దు నెరుగుట అంతకంటె మేలు.