మాట పడిపోయినా మనసులో మాట ఉంది



మన ప్రొద్దుటూరులో మగ్గం నేసేవాళ్లున్నారు. జమ్మలమడుగు వైపు రాళ్ల గనుల్లో పనిచేసేవాళ్లున్నారు. పులివెందులలో చీనీ తోటల్లో కూలికి పోయేవాళ్లున్నారు. పక్షవాతం వచ్చినా, చెట్టు మీద నుంచి పడి వెన్నుపాము దెబ్బతిన్నా వీళ్లలో ఎవరైనా మంచం పట్టవచ్చు.

కొందరికి కాళ్లూ చేతులతో పాటు మాట కూడా పడిపోతుంది. అప్పుడు చూడవచ్చినవాళ్లు ఏమంటారు? "పాపం, ఇంక ఏమీ తెలీదు" అంటారు. ఆ మనిషి ముందే పొలం అమ్మే మాట, పిల్ల పెళ్లి మాట మాట్లాడుకుంటారు. ఆ మనిషిని మాత్రం అడగరు.

ఇది తప్పు. మాట రానంత మాత్రాన తెలివి పోయినట్టు కాదు.

ఒక పెద్దమనిషి కథ వినండి. ఇంగ్లండు దేశంలో స్టీఫెన్ హాకింగ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. 1963లో, 21 ఏళ్ల వయసులో, ఆయనకు నరాల జబ్బు ఉన్నట్టు తేలింది. ఒళ్లంతా మెల్లగా చచ్చుబడింది. 1985లో గొంతుకు ఆపరేషన్ జరిగి మాట కూడా పోయింది.

అప్పుడు ఆయన ఎలా మాట్లాడాడు? ముందు ఒక అట్ట మీద అక్షరాలు రాసి పెట్టారు. పక్కనున్నవాళ్లు ఒక్కొక్క అక్షరం చూపేవాళ్లు. కావలసిన అక్షరం రాగానే ఆయన కనుబొమ్మలు ఎత్తేవాడు.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. అందులో అక్షరాలు, మాటలు వరుసగా వెలిగేవి. ఆయన చేతిలోని మీట నొక్కి ఎంచుకునేవాడు. అలా కూర్చిన మాటను యంత్రం పైకి పలికేది. చెయ్యి కూడా పడిపోయాక చెంప కదిపి ఎంచుకునేవాడు. కళ్లద్దాలకు బిగించిన చిన్న పరికరం ఆ కదలికను పట్టుకునేది. 2018లో, 76 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ఆయన తన మాట తానే చెప్పుకున్నాడు.

అంత యంత్రం మనకెక్కడిది అంటారా? అట్టతో మొదలుపెట్టవచ్చు. అక్షరాలు మీకు వచ్చు కదా! పెద్ద అట్ట మీద ఇలా రాయండి.

1. అ ఆ ఇ ఈ ఉ ఊ ఎ ఏ ఒ ఓ
2. క గ చ జ
3. ట డ ణ త ద న
4. ప బ మ
5. య ర ల వ స హ ళ

రెప్ప గట్టిగా ఒకసారి మూస్తే "అవును". రెండుసార్లు మూస్తే "కాదు". ముందు ఏ వరుసో అడగండి. తర్వాత ఆ వరుసలోని అక్షరాలు ఒక్కొక్కటే చదవండి. గుణింతాలు, వత్తులు వద్దు. న, ళ రాగానే "నీళ్లా?" అని అడగండి. తొందరపెట్టకండి.

ఆ మనిషికి చదువు రాకపోతే? బొమ్మలు గీయండి. నీళ్ల చెంబు, అన్నం, మరుగుదొడ్డి, నొప్పి, పక్కకు తిప్పమని. పక్షవాతంలో కొందరికి మాటలు కూర్చుకునే శక్తే దెబ్బతింటుంది. వాళ్లకూ బొమ్మలే మేలు. మిగతావాళ్లకు రోజుకొక అక్షరం నేర్పండి. మీరు నేర్చుకోలేదా?

ఇంట్లో పెద్ద ఫోను ఉంటే అదీ సాయం చేస్తుంది. తెలుగులో మాట్లాడితే అక్షరాలు రాస్తుంది. చేతులు పడిపోయి మాట ఉన్నవాళ్లకు ఇది మేలు. నవ్వినా, కనుబొమ్మ ఎత్తినా పనిచేసే ఏర్పాటు 2021 తర్వాత వచ్చిన కొన్ని ఫోన్లలో ఉంది. చదువుకునే పిల్లలను అడిగి పెట్టించుకోండి.

ఇంకొక సంగతి. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ల పింఛనును మన రాష్ట్ర ప్రభుత్వం 2024లో నెలకు 5,000 నుంచి 15,000 రూపాయలకు పెంచింది. దీనికి సదరం సర్టిఫికెట్ కావాలి. డాక్టర్లు పరీక్షించి ఇస్తారు. ఏ ఆసుపత్రికి, ఏ రోజు పోవాలో సచివాలయంలో అడగండి.

ఆ డబ్బు ఎవరిది? మంచంలో ఉన్న మనిషిది. దేన్ని కొనాలో ఆ మనిషినే అడగండి. లేచి నడవలేకపోయినా, తన సంగతి తాను తేల్చుకునే మనిషి ఇంకొకరి మీద బరువు కాదు.

ఆలోచించండి – రాయండి

1. మీ ఊళ్లో మంచం పట్టిన మనిషిని మీరు చివరిసారి ఏం అడిగారు?
2. పై అట్ట చూసి "మందు" అనే మాటకు ఏ వరుసలు, ఏ అక్షరాలు కావాలో రాయండి.
3. మీ ఇంటికి ఒక అట్ట తయారుచేసి, పక్కింటి అక్కతో కలిసి రెప్పలతో మాట్లాడి చూడండి.