నిపుల్ షీల్డ్: పెట్టుకోవడం, మెల్లగా మానడం

బిడ్డ రొమ్ము పట్టక గుక్కపెట్టి ఏడుస్తుంటే ఆసుపత్రిలో నర్సు పల్చటి సిలికాన్ తొడుగు ఒకటి చేతిలో పెడుతుంది. మామూలు కాన్పయితే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. అమెరికాలోని ఆష్‌బర్న్ ఇంట్లో పురిటి సాయానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మో, అత్తగారో దాన్ని చూసి, ‘ఇదేంటే, ప్లాస్టిక్ పెట్టుకుని పాలిస్తావా?’ అంటారు. అసలే నిద్రలేని బాలింతకు ఆ మాటతో కళ్ళనీళ్ళు తిరుగుతాయి. చనుమొన లోపలికి ఉన్నా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, సీసాకు అలవాటుపడినా ఈ షీల్డ్ ఆదుకుంటుంది. ఇందులో తల్లి తప్పేమీ లేదు.

1. కొలత చూపించుకుని కొనండి. 16, 20, 24 మిల్లీమీటర్ల సైజుల్లో దొరుకుతాయి. బిగుతైతే చనుమొన ఒరుసుకుపోతుంది, మరీ పెద్దదైతే బిడ్డకు డోకు వస్తుంది. అందాజాగా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకుండా లాక్టేషన్ కన్సల్టెంట్‌కు చూపించండి.

2. తొడిగే తీరులోనే సగం పని ఉంది. అంచును గోరువెచ్చని నీళ్ళతో తడపండి. షీల్డ్ మొనను సగం వరకు లోపలికి తిరగేసి, చనుమొన మీద సరిగ్గా మధ్యలో ఆనించి, అంచును చుట్టూ పరుస్తూ వదలండి. చనుమొన కాస్త షీల్డ్ లోపలికి సాగుతుంది. అంచులో కోసినట్టుండే ఖాళీ బిడ్డ ముక్కు వైపు ఉండాలి. మొనలో రెండు చుక్కల పాలు పిండితే బిడ్డ త్వరగా అందుకుంటుంది. ఆవులించినంత నోరు తెరిచాకే దగ్గరికి తీసుకోండి. పెదాలు వెడల్పు భాగం మీద పడాలి. చివర మాత్రమే చప్పరిస్తే మీకు నొప్పి, బిడ్డకు ఆకలి.

3. పాలు దిగుతున్నాయో లేదో రోజూ చూసుకోండి. గుటకలు వినిపించాలి, తాగాక రొమ్ము మెత్తబడాలి, షీల్డ్‌లో పాలు కనిపించాలి. అయిదో రోజు దాటాక రోజుకు కనీసం 6 తడి డైపర్లు, 3, 4 పసుపు విరేచనాలు కావాలి. పుట్టగానే తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి. షీల్డ్ వాడినన్నాళ్ళూ పిల్లల డాక్టరు దగ్గర మరికాస్త తరచుగా తూకం వేయించండి.

4. మొదటి వారాల్లో బిడ్డ తాగాక రోజుకు కొన్నిసార్లు పంపుతో పిండండి. రొమ్ము ఖాళీ అయితేనే మళ్ళీ పాలు ఊరతాయి. బరువు నిలకడగా పెరుగుతుంటే కన్సల్టెంట్‌ని అడిగి పంపు తగ్గించండి.

5. వాడిన ప్రతిసారీ వేడి సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి. సింకులో పడేయకుండా వేరే గిన్నె ఉంచుకోండి.

6. అమ్మమ్మలకు, నానమ్మలకు ఒక విన్నపం. వెల్లుల్లి కారం, బీరకాయ కూర వండి పెట్టండి, బాలింతకు కడుపునిండా తిండి కావాలి. బిడ్డకు మాత్రం తేనె నాకించకండి, వస అరగదీసి పెట్టకండి, చక్కెర నీళ్ళు పట్టకండి. ఏడాదిలోపు పిల్లలకు తేనెతో బోట్యులిజం అనే ప్రాణాపాయం రావచ్చు. ‘పాలు చాలట్లేదేమో’ అనే ముందు తడి డైపర్లు లెక్కపెట్టండి.

7. నెలలు నిండని బిడ్డయితే మానిపించడానికి తొందరపడకండి. అమెరికాలో పాలా మైయర్ బృందం అలాంటి 34 మంది పిల్లలను గమనించి, 2000లో ఫలితాలు ప్రచురించింది. షీల్డ్ లేకుండా సగటున 3.9 మిల్లీలీటర్లు తాగినవాళ్ళు, షీల్డ్‌తో 18.4 మిల్లీలీటర్లు తాగారు. చాలామంది పిల్లలకు అసలు డెలివరీ తేదీ దగ్గరపడే కొద్దీ పట్టు గట్టిపడుతుంది.

8. బరువు పెరుగుతూ, పాలు బాగా పడుతున్నప్పుడు మానడం మొదలుపెట్టండి. ఆకలితో ఏడుస్తున్న బిడ్డ దగ్గర ప్రయత్నించొద్దు. పొద్దున్నే సగం నిద్రలో ఉన్నప్పుడో, చొక్కా విప్పి ఒంటికి ఆనించుకుని పడుకోబెట్టుకున్నప్పుడో మంచి సమయం. ముందు షీల్డ్‌తోనే పట్టండి. పాలు చేపుకొచ్చి గుటకలు మొదలయ్యాక, చిటికెన వేలితో నోటి పట్టు వదిలించి, షీల్డ్ తీసేసి, వెంటనే తడి చనుమొన అందించండి. చనుమొన లోపలికి ఉంటే ముందు ఒక నిమిషం పంపు పెడితే బయటికి వస్తుంది. బిడ్డ రెండు గుటకలు వేసి వదిలేసినా అది మేలే. ఏడిస్తే మళ్ళీ షీల్డ్ పెట్టేయండి. పంతం పడితే బిడ్డకు రొమ్మంటేనే భయం పట్టుకుంటుంది. కొందరు రోజుల్లో మానేస్తారు, కొందరికి నెలలు పడుతుంది. బరువు పెరుగుతూ, నొప్పి లేకపోతే చివరిదాకా షీల్డ్‌తో తాగినా అవి తల్లిపాలే.

9. షీల్డ్ కొనను రోజూ కొంచెం కత్తిరిస్తూ పొమ్మనే పాత సలహా వినకండి. అది రబ్బరు షీల్డుల నాటి మాట. సిలికాన్‌ను కోస్తే అంచు బిడ్డ నోట్లో గీసుకుంటుంది.

10. రొమ్ములో గట్టి ఎర్రటి గడ్డ, జ్వరం కనిపిస్తే అదే రోజు మీ డాక్టరుకు ఫోన్ చేయండి. తడి డైపర్లు తగ్గినా, బిడ్డ పసుపుపచ్చగా మారి పాలకు లేవకపోయినా పిల్లల డాక్టరుకు చెప్పండి.

11. 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం అమెరికాలో చాలా ఇన్సూరెన్స్ ప్లాన్లు బ్రెస్ట్ పంపు, లాక్టేషన్ కన్సల్టెంట్ ఖర్చు భరించాలి. ఎనిమిదో నెలలోనే కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి, మీ ప్లాన్‌లో ఉన్న కన్సల్టెంట్ల పేర్లు రాసి పెట్టుకోండి.