రాతి గుహలో మాట

నల్లగొండ జిల్లాలోని నార్కట్‌పల్లికి చేరువనే చెర్వుగట్టు అను క్షేత్రము కలదు. గట్టుమీది రాతి గుహలో జడల రామలింగేశ్వరస్వామి వెలసియున్నాడు. బాలలారా! అట్టి గుహలోగాని, రాతి మండపములోగాని మీరెన్నడైన చప్పట్లు చఱచితిరా? చేతులు విడిపోయిన పిదపను శబ్దము క్షణకాలము చుట్టును ఆవరించియుండును. పొలము గట్టున చఱచిన చప్పట్లు వెంటనే మాసిపోవును.

ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పయనించును. బయలున పోయిన ధ్వని మరలిరాదు. గదిలోనైతే గోడలకు, కప్పుకు తగిలి, బలముడుగువఱకు అటునిటు తిరుగుచుండును. దూరపు గుట్టనుండి విడిగా వినవచ్చునది ప్రతిధ్వని. గదిలో లెక్కకుమించిన ప్రతిధ్వనులు పెనగొని సాగునది ప్రతినాదము.

ఇందు మన చెవి చూపు నేర్పు వింతయైనది. మొదటి ధ్వని వెంట సెకనులో ఇరువదవ వంతు లోపల గోడనుండి మరలివచ్చు ధ్వనిని అది వేఱుగా నెంచదు; మొదటిదానితో కలుపుకొని, మాట బలముగా నున్నదని తలంచును. ఆలసించి వచ్చునదియే చిక్కు. ముందటి అక్షరపు తోక వెనుకటి అక్షరముపై బడి, మాట చెవిని బడియు బోధపడదు. వెనుక బల్లమీది విద్యార్థి పాఠము కోల్పోవును. అప్పుడు గొంతు పెంచినను ఫలములేదు. తోకయు దానితోపాటే పెరుగును. నిదానించి పలుకుటయే మేలు. సంగీతమునకు మాత్రము ఆ తోక కొంత యుండవలెను. లేనిచో పాట పొడిపొడిగా తోచును.

1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక క్రొత్త ఉపన్యాసశాల ఇట్లే నిరుపయోగమయ్యెను. అందు పలికిన మాట సుమారు ఐదున్నర సెకనులు నిలిచెడిది. దానిని సరిచేయు పని వాలెస్ సాబిన్ అను యువ భౌతికశాస్త్రోపాధ్యాయునకు అప్పగించిరి. ఆయన ముఖ్యసాధనము తన చెవియే. ఊరు మాటుమణగిన రాత్రులందు, సమీపపు నాటకశాలనుండి మెత్తలు మోయించి తెచ్చి పరచి, ఆర్గన్ గొట్టము మ్రోగించి, నాదము వినరాకపోవు క్షణమును గుర్తించెడివాడు. తెల్లవారునప్పటికి మెత్తలన్నియు మరల యథాస్థానమునకు చేరవలెను! మెత్తలు పెరిగినకొలది నాదము నిలుచు కాలము తగ్గెను. మనుష్యులును, వారి దుస్తులును మెత్తలవలెనే ధ్వనిని మ్రింగునని ఆయన కొలిచి తేల్చెను. 1900లో తెఱవబడిన బోస్టన్ సంగీతశాల ఆయన సలహాననుసరించి కట్టబడినది. జనము నిండియున్నపుడు అచట నాదము రెండు సెకనులకు కొంచెము తక్కువగా నిలుచును.

రేపు ఉదయమున మీలో ఒకరు అందఱికంటె ముందుగా తరగతికి పోయి, తలుపులు మూసి ఒక మాట పలుకుడు. నలువదిమంది వచ్చి కూర్చున్న పిదప అదే మాట మరల పలికి వినుడు.