జీతము, మంచి మాట

దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణములలోను, ఎల్.బి.నగర్ ఆసుపత్రులలోను మనలో అనేకులు ఉద్యోగము చేయుచున్నారు. కొందరు పదిమందికి పని ఇచ్చువారై యున్నారు. పనివాడు మనసుపెట్టి పనిచేయుటకు ఏమి కావలెను? జీతమా? మంచి మాటయా?

1. రెండు విధములైన అవసరతలు

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పిట్స్‌బర్గ్ ప్రాంతములో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను విచారించి, ఫలితములను 1959లో ప్రకటించెను. పనిలో మిక్కిలి సంతోషపడిన సమయమేది, మిక్కిలి విసిగిన సమయమేది అని అడుగగా, రెంటికిని కారణములు వేరుగా కనబడెను. సాధించిన పని, పొందిన గుర్తింపు, అప్పగింపబడిన బాధ్యత సంతోషమునిచ్చెను. పైవారి తీరు, సంస్థ నియమములు, జీతము సరిగా లేనప్పుడు విసుగు పుట్టెను. జీతము సరిచేసినచో సణుగుడు తగ్గును గాని పనిమీద ప్రేమ దానంతట అదే పుట్టదని అతడు తలంచెను. అయితే మేలు జరిగినప్పుడు తమ ప్రతిభ యనియు, కీడు జరిగినప్పుడు ఇతరుల తప్పనియు చెప్పుట మానవ సహజము గనుక, ఈ విభజన అంత ఖచ్చితము కాదని విమర్శకులనిరి.

2. మన యెదుట జరిగినది

2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సుమారు 48,000 మంది సమ్మెకు దిగిరి. సంస్థను ప్రభుత్వములో విలీనము చేయవలెనన్నది వారి ముఖ్యమైన కోరిక. నవంబరు 25న సమ్మె విరమించిరి. పదవీ విరమణ వయస్సు 58 నుండి 60కి పెంచుదుమని డిసెంబరు 1న ముఖ్యమంత్రి ప్రకటించిరి. ఉద్యోగులను ప్రభుత్వములోనికి తీసికొను బిల్లును 2023 ఆగస్టు 6న శాసనసభ ఆమోదించెను. వారు కోరినది భద్రత. ఆ దినములలో దిల్‌సుఖ్‌నగర్ డిపో డ్రైవరుకు శాలువ కప్పి సన్మానించినను అతని దిగులు తీరునా?

3. మనకు పాఠము

దినకూలి సూర్యాస్తమయమునకు ముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో నున్నది. రూతు గ్రంథము 2వ అధ్యాయములో బోయజు పొలమునకు వచ్చి ముందుగా కోతవారిని పలుకరించెను. కూలియు కావలెను, పలుకరింపును కావలెను. ఒకటిచ్చి రెండవది ఎగవేయరాదు. జీతము పదవ తేదీ దాటించి "మనమంతా ఒకే కుటుంబము" అను యజమానియు, జీతమిచ్చితిని గదా యని పనివాని పేరైనను ఎరుగని యజమానియు సగము బాకీ పడియున్నారు.

ఆలోచించుటకు ప్రశ్నలు

(అ) బేరములు లేని వేళ మీ దుకాణములోని పిల్ల కూర్చుండుటకు స్టూలు గలదా?
(ఆ) ఆమె బాగుగా చేసిన పనిని ఈ నెలలో ఆమెతో చెప్పితిరా?