ఊరిబడికి క్రొత్త గదులు

నల్లగొండ జిల్లా పడమటి భాగమున మర్రిగూడ మండలము కలదు. ఎఱ్ఱనేలలు, రాతిగుట్టలు, వానలు కురిసిననే నిండు చెరువులు ఇచటి స్వరూపము. ఈ ప్రాంతపు భూగర్భజలమున ఫ్లోరైడు అధికము. త్రాగునీటిలో అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని భారతీయ ప్రమాణము నిర్ణయించినది. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారి పండ్లు గారపట్టును. కొందఱి ఎముకలు వంగిపోవును. పెరుగు వయస్సులోని పిల్లల పండ్లకు ఈ కీడు ముందుగా తగులును. మిషన్ భగీరథ పథకము వలన కృష్ణానది నీరు కుళాయిలకు వచ్చుటతో ఇటీవలి సంవత్సరములలో ఊరట కలిగినది. అయినను పూర్వము వంగిన ఎముకలు తిరిగి చక్కబడవు.

వాననే నమ్ముకొన్న సేద్యము ఏడాది పొడుగున పని చూపదు. కావున ఈ మెట్ట ప్రాంతముల వారు కట్టడపు పనులకు వలసపోవుట చిరకాలముగా కలదు. పొరుగున నున్న పాలమూరు కూలీల పేరు దేశమంతట ప్రసిద్ధము. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము వంటి ఆనకట్టలు వారి చెమటతో లేచినవి. నేడు హైదరాబాదులో మేడల మీద మేడలు కట్టుచున్నవారిలోను ఈ ప్రాంతముల వారు అనేకులు. తలిదండ్రులు పనికి తరలినప్పుడు పిల్లల చదువేమగును? కట్టడపు పనివారిని గూర్చి 1996లో చేసిన చట్టము, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయుచోట ఆరేండ్ల లోపు బిడ్డలకు ప్రత్యేకముగా గది ఉండవలెనని విధించినది. ఆరేండ్లు నిండిన బిడ్డ మాటయో? వాడు ఊరిలో అవ్వతాతల కడ ఉండి బడికి పోవలెను. లేదా ఇటుకలు మోయు తల్లి వెంట తిరుగవలెను. ఊరిబడి బాగుగా ఉన్నచో మొదటి దారి సుగమమగును.

ఇక కట్టడపు సంస్థల విషయము. 2013 నాటి కంపెనీల చట్టము, నికరవిలువ 500 కోట్ల రూపాయలు గాని, వ్యాపారము 1000 కోట్లు గాని, నికరలాభము 5 కోట్లు గాని కలిగిన సంస్థలకు ఒక విధిని ఏర్పఱచినది. గడచిన మూడేండ్ల సగటు లాభమున నూటికి రెండు వంతులను అవి సమాజహితమునకు వెచ్చింపవలెను. ఇది 1914లో కాదు సుమా, 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త నియమము. విద్యాభివృద్ధి అందు పేర్కొనబడిన కార్యములలో ఒకటి. కావున పెద్ద సంస్థ యొకటి ఊరిబడికి గదులు కట్టింప వచ్చినప్పుడు దానిని కేవలము దయగా నెంచి చేతులు కట్టుకొని నిలువనక్కరలేదు. అందు విధియు కలదు. తమవారి శ్రమతో లాభము గడించిన సంస్థను ఏమి కట్టవలెనో చెప్పుటకు గ్రామస్థులకు మొగమోటమేల?

ఏమి కట్టవలెను? 2009 నాటి విద్యాహక్కు చట్టమే దీనికి జవాబు చెప్పుచున్నది. ఉపాధ్యాయునికొక గది, బాలబాలికలకు వేఱువేఱు మరుగుదొడ్లు, మంచినీరు, వంటగది, ఆటస్థలము, ప్రహరీగోడ ఉండవలెను. ఒకే గదిలో రెండు తరగతులు కూర్చున్నచో ఒకరి ఎక్కములలో మఱియొకరి పద్యము మునిగిపోవును, ఇది మీరెఱిగినదే. మరుగుదొడ్డి లేని బడిని ఎదిగిన బాలికలు మానివేయుట కలదు. బడిలోనికి పోవుటకు ఎవరికిని అడ్డంకి ఉండరాదని కూడ ఆ చట్టము చెప్పుచున్నది. కాళ్ళు వంగిన బాలునకు మూడు మెట్లైనను కష్టమే. అతనికి వాలుదారి కావలెను. మర్రిగూడ వంటి చోట్ల ఈ యొక్క మాటకే నేను ఎక్కువ విలువ నిత్తును.

గదులు లేచుచున్నప్పుడు తాపీపనివారికి, కూలీలకు సొంత ఊరనే కొన్ని నెలలు పని దొరకును. అయితే గోడలు లేచిన పిమ్మట ఆ కూలి ఉండదు. నిలుచు మేలు వేఱు. మధ్యాహ్న భోజనము వండు మహిళాసంఘపు స్త్రీలకు పొగ చూరని వంటయిల్లు లభించును. ఎన్నికలనాడు అదే భవనము పోలింగు కేంద్రమగును.

బడికొఱకు ఊరివారు చేయి కలుపుట ఈ జిల్లాకు క్రొత్త కాదు. 1971లో దేశమునకే మార్గదర్శకమైన గురుకుల పాఠశాల ఆనాడు ఈ జిల్లాలోనిదైన సర్వేలు గ్రామమున నెలకొన్నది. దానికి భూమి నిచ్చినవారు ఆ ఊరి మద్ది నారాయణరెడ్డిగారు. 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభమైన ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమమున ప్రభుత్వము పండ్రెండు విధముల పనులను తలపెట్టి, దాతలను కూడ ఆహ్వానించినది.

విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య సంఘముండును. అందు నాల్గింట మూడు వంతులు పిల్లల తలిదండ్రులు, సగము మంది స్త్రీలు. సంస్థ ఇంజనీరు పటము గీయుటకు ముందు ఈ సంఘముతో కూర్చుండవలెను. కూర్చుండనిచో ద్వారముకడ సంస్థ పేరుతో గొప్ప తోరణము లేచును. మరుగుదొడ్డికి మాత్రము నీరుండదు. దీపపు బిల్లు ఎవరు కట్టుదురు, కప్పు కారినచో ఎవరు బాగుచేయుదురు అనునది కూడ అప్పుడే వ్రాసికొనవలెను. ఉపాధ్యాయులను నియమించుట మాత్రము ప్రభుత్వము పని. ఏ సంస్థయు దానిని తీర్చలేదు.

ఖరీఫు కోతలు ముగిసిన పిమ్మట వలసలు మొదలగును. ఆ నెలలలో హాజరుపట్టికయందు ఎన్ని పేర్లు నిలిచియున్నవో చూచినచో, క్రొత్త గదుల ఫలమెంతయో ప్రధానోపాధ్యాయునికి తెలియును.