చెరిపే మీట ఎక్కడ ఉండాలి?

చేర్యాల నకాషీ పటాలను మీరు చూసే ఉంటారు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపిన పూత పూసి, ఎర్రని నేలమీద కథలోని మనుషులను వరుసగా చిత్రిస్తారు. గజాలకొద్దీ పొడవుండే ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ కాకిపడగలవారు, కూనపులివారు కథలు చెప్పేవారు.

మీ పాఠశాల ప్రదర్శన కోసం అటువంటి పటాన్ని ఫోనుతో నలభై ఫొటోలు తీశారనుకోండి. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని ఒక్కొక్కటే స్నేహితునికి పంపుతున్నారు. తెర అడుగున చిన్న చిన్న గుర్తులు వరుసగా ఉన్నాయి. ఒకటి పంపడానికి, దాని పక్కనే ఉన్న చెత్తబుట్ట బొమ్మ చెరపడానికి. బస్సు కుదిపింది, వేలు జరిగింది. వెంటనే తెరమీద ఒక ప్రశ్న: "ఈ ఫొటోను తొలగించాలా?" దాని కింద రెండు మీటలు: "రద్దు చేయి", "తొలగించు".

ఫొటో దక్కాలంటే ఏది నొక్కాలి?

"రద్దు చేయి" అన్నదే నొక్కాలి. కాని ఆ మాట వినగానే మనకు తోచే అర్థం వేరు. రేషన్ కార్డు రద్దయిందంటే కార్డు పోయిందని. రైలు రద్దయిందంటే ఇక రాదని. ఉన్నది పోవడమే మన వాడుకలో రద్దు. ఇక్కడ మాత్రం రద్దయ్యేది ఫొటో కాదు, చెరపమని మీరిచ్చిన ఆజ్ఞ. ఇంగ్లీషులో క్యాన్సిల్ అని ఉన్నదాన్ని అలాగే మార్చి పెట్టడంవల్ల వచ్చిన చిక్కు ఇది. ఇక "మీ దరఖాస్తును రద్దు చేయాలా?" అని అడిగి, కింద "రద్దు", "సరే" అని రెండు మీటలు పెడితే ఎంత చదువుకున్నవారైనా తికమకపడతారు. అదే మీటలమీద "ఫొటోను ఉంచు", "ఫొటోను తీసివేయి" అని రాస్తే? పై ప్రశ్న చదవకపోయినా మీటను చదివితే చాలు.

"వేలు జాగ్రత్తగా పెట్టాలి గాని మీటను అని ఏం లాభం?" అంటారు పెద్దలు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనికాధికారులూ అలాగే అన్నారు. వారి బి-17 బాంబరు విమానాలు క్షేమంగా నేలకు దిగిన తరువాత ఉన్నట్టుండి పొట్టమీద కూలబడేవి. దిగిన పిమ్మట రెక్కల వెనుక ఉండే ఫ్లాపులనే పలకలను పైకి ముడవాలి. పైలట్లు వాటికి బదులు చక్రాలను ముడిచేసేవారు! 1943లో ఆల్ఫాన్స్ చపానిస్ అనే మానసిక శాస్త్రజ్ఞుడు లోపలికి వెళ్ళి చూస్తే, చక్రాల మీట, ఫ్లాపుల మీట పక్కపక్కనే, అచ్చు ఒకేలా ఉన్నాయి. ఆయన చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రాన్ని, ఫ్లాపుల మీటకు రెక్కలాంటి ముక్కను తగిలించమన్నాడు. చీకట్లో తడిమినా ఏది ఏదో చేతికి తెలిసిపోతుంది. 1947లో పాల్ ఫిట్స్, జోన్స్ అనే ఇద్దరు పైలట్లు చెప్పిన 460 పొరపాట్లను పరిశీలిస్తే, దాదాపు సగం ఒక మీటకు బదులు మరొకటి కదిపినవే. అంతమంది అజాగ్రత్తపరులై ఉంటారా?

ఆ ఫిట్స్ 1954లో చేసిన ప్రయోగాన్ని పోలినదాన్ని మీరూ చేయవచ్చు. కాగితంమీద సెంటీమీటరు భుజంగల రెండు చతురస్రాలను ఒకదానికొకటి ఆనేటట్టు గీయండి. ఒకదానిలో "పంపు", రెండోదానిలో "చెరుపు" అని రాయండి. 20 సెంటీమీటర్ల దూరంలో ఒక చుక్క పెట్టండి. పెన్సిలుతో ఆ చుక్కనుంచి "పంపు" గడికి ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా 30 సార్లు వెళ్ళి రండి. "చెరుపు" గడిలో ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెట్టండి. ఇప్పుడు మరో కాగితంమీద రెండు గళ్ళ మధ్య 5 సెంటీమీటర్ల ఖాళీ వదిలి మళ్ళీ చేయండి. గురి తప్పిన చుక్కలు ఈసారీ ఉంటాయి. కాని అవి పడేది ఖాళీ కాగితంమీద!

గురి ఎంత చిన్నదై, ఎంత దూరంగా ఉంటే దాన్ని చేరడానికి అంత ఎక్కువ సమయం పడుతుందని ఫిట్స్ సూత్రం. ఆ సమయం ఇవ్వకుండా తొందరపడితే గురి తప్పుతుంది. పెన్సిలు మొనకే ఇలా ఉంటే వేలి కొన మాట చెప్పాలా? అందుకే ఆండ్రాయిడ్ ఫోన్లలో తాకే మీట సుమారు 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదని గూగుల్ సూచిస్తుంది. తరచు వాడే మీటలు పెద్దవిగా, చేతికి దగ్గరగా. చెరిపే మీట దూరంగా, ఒంటరిగా ఉండాలి.

చెరిపే మీటకు ఎరుపు రంగు వేస్తే సరిపోదా? కొంత మేలే. కాని చేర్యాల పటంలో నేలంతా ఎరుపే కనుక దానిమీద ఎర్రచుక్క పెడితే కనబడదు. తెరమీద నాలుగు మీటలు ఎర్రగా ఉన్నా అంతే. పైగా ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని కళ్ళు కొందరికి ఉంటాయి. కాబట్టి రంగుతోపాటు మాట తప్పదు.

"నిజంగా చెరపాలా?" అని ప్రతిసారీ అడిగితే మంచిదనుకుంటాం. మొదటి రోజు చదువుతాం. పదోరోజుకు, ప్రశ్న కనబడక ముందే వేలు "అవును" మీదికి పోతుంది. ప్రశ్న ఉంది గాని కాపలా లేదన్నమాట. అరుదుగా చేసే పెద్దపనికి మాత్రం గట్టి ప్రశ్న పనిచేస్తుంది. గిట్‌హబ్ అనే చోట ప్రోగ్రాములు దాచుకున్నవారు ఒక సంపుటిని మొత్తంగా చెరపాలంటే దాని పేరును టైపు చేయాలి. అలవాటుమీద వేలు పేర్లు రాయదు.

అన్నిటికన్నా మేలైనది వెనక్కు తెచ్చుకునే వీలు. గూగుల్ ఫొటోస్‌లో చెరిపిన చిత్రం వెంటనే పోదు. బ్యాకప్ అయినదైతే 60 రోజులు, కానిదైతే 30 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. మీ పటం ఫొటో పొరపాటున పోయి ఉంటే ముందు అక్కడ వెతకండి.

వెనక్కు తేవడానికే వీల్లేని చోట ఏం చేయాలి? దీనికి చక్కని ఉదాహరణ ఓటింగు యంత్రం. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1979లో దీని నమూనా తయారుచేసింది. 1982లో కేరళలోని పరూరులో 50 పోలింగు కేంద్రాల్లో తొలిసారి వాడారు. 2023 నవంబరు 30న శాసనసభ ఎన్నికల్లో చేర్యాలవాసులు ఓటు వేసిందీ ఇటువంటి యంత్రాలతోనే.

ఓటరు ముందుండే పెట్టెలో అభ్యర్థులకు ఎదురుగా నీలిమీటలే తప్ప చెరిపే మీట అసలు లేదు. "క్లియర్" మీట ఉన్నది అధికారి దగ్గరి పెట్టెలో. పోలింగు జరిగేటప్పుడు అది మూతకింద, సీలు వెనుక ఉంటుంది. మూత తీసి నొక్కినా సరే, ముందు "క్లోజ్", తరువాత "రిజల్ట్" నొక్కనిదే యంత్రం చెరపదు. లెక్క చూడకుండా లెక్క చెరపడం కుదరదన్నమాట. నా ఎరుకలో ఇంత తెలివిగా దాచిన చెరిపే మీట మరొకటి లేదు.

అయితే దీనికో ఎదురు చిక్కు ఉంది. పోలింగుకు ముందు కనీసం 50 ఓట్లతో నమూనా పోలింగు జరిపి, ఆ ఓట్లను చెరిపేయాలి. మూడు మెట్ల పని కనుక చివరి మెట్టు మరచిపోయిన సందర్భాలున్నాయి. నమూనా ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతే లెక్కంతా తప్పు. అందుకే ఎన్నికల సిబ్బంది శిక్షణలో "క్లోజ్, రిజల్ట్, క్లియర్" అన్న మూడు మాటలను వరుస తప్పకుండా వల్లె వేయిస్తారు.